మంట ఇచ్చే నీళ్ళు



చలికాలంలో ఒక పొద్దున జరిగిన చిన్న సంగతితో మొదలుపెడతాను. మేం ఉండేది కర్నూల్లో. మా పక్కింటి కుర్రాడు కొత్త బండి కొన్నాడు. పట్టుమని నెల కాలేదు. ఆ పొద్దున బండి స్టార్ట్ చేశాడు. దాన్ని అట్లాగే నిలబెట్టి మా గేటు దగ్గరికి పరిగెత్తుకొచ్చాడు.

"సార్, ఒకసారి వచ్చి చూడండి సార్. బంకోళ్ళు పెట్రోల్లో నీళ్ళు కలిపినారు. సైలెన్సర్లోంచి కారుతాండాయి" అన్నాడు.

వెళ్ళి చూశాను. నిజమే. సైలెన్సర్ కొసన చుక్క కడుతోంది. నిండుతోంది. రాలుతోంది. కింద నేల మీద రూపాయి బిళ్ళంత తడి. వేలితో తాకి చూశాను. జిడ్డు లేదు. ఉత్త నీళ్ళు.

"బండి బాగా నడుస్తోందా?" అని అడిగాను.

"నడుస్తాంది సార్."

"మధ్యలో దగ్గడం, ఆగిపోవడం ఏమైనా ఉందా?"

"అట్లాంటిదేం లేదు సార్."

"అయితే ఆ నీళ్ళు బంకువాళ్ళు పోసినవి కావప్పా. నీ పెట్రోలు కాలి పుట్టించినవి" అన్నాను.

వాడు నా ముఖం కేసి అదోలా చూశాడు. సారుకి వయసు మీద పడింది అనుకున్నాడేమో. తప్పు వాడిది కాదు. నిప్పు, నీళ్ళు అంటే మనకు పాము, ముంగిస. నిప్పులోంచి నీళ్ళు వస్తాయంటే ఎవరు నమ్ముతారు? అందులోనూ మన సీమలో!

ఈ రోజు నేను చెప్పబోయేది ఆ నీళ్ళ గురించే. పెట్రోలు, డీజిలు, కిరసనాయిలు, గ్యాసు, వీటన్నిటిలో హైడ్రోజన్ ఉంటుంది. అది ఎంత ఉందో ప్రయోగశాలల్లో కొలుస్తారు. ఒక్క పద్ధతిలో కాదు, నాలుగు రకాలుగా కొలుస్తారు. అన్నీ ఒకే అంకె చెబుతాయా? చెప్పకపోతే ఏది నమ్మాలి? అదీ ఇవాళ్టి కథ.

ముందు ఆ నీళ్ళను మీ వంటింట్లోనే చూపిస్తాను.

గ్యాస్ పొయ్యి వెలిగించి, చల్లటి నీళ్ళున్న గిన్నె దాని మీద పెట్టండి. స్టీలు గిన్నె అయితే ఇంకా మంచిది. అర నిమిషం ఆగి, కాస్త వంగి గిన్నె పక్కలు చూడండి. మంచు పట్టినట్టు మసక కమ్ముతుంది. అడుగున సన్నటి చెమట పడుతుంది. ఒకోసారి ఆ చెమట చుక్కయి బర్నర్ మీద పడి చుయ్‌మంటుంది. గిన్నెకి చిల్లు పడిందేమోనని తిప్పి చూసిన తల్లులు చాలామందే ఉంటారు. చిల్లు ఎక్కడా ఉండదు. గిన్నె వేడెక్కగానే చెమటా మాయమవుతుంది.

ఆ చెమట గిన్నెలోది కాదు. మంటలోంచి వచ్చింది. గ్యాసులోని హైడ్రోజన్, గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి నీటి ఆవిరి అయింది. ఆ ఆవిరి చల్లటి గిన్నెకి తగిలి నీళ్ళయింది. పక్కింటి కుర్రాడి సైలెన్సర్లో జరిగిందీ అదే. పొద్దున్నే సైలెన్సర్ చల్లగా ఉంటుంది. లోపలి ఆవిరి దానికి తగిలి నీళ్ళవుతుంది. బండి నాలుగు కిలోమీటర్లు పోయాక గొట్టం వేడెక్కుతుంది. అప్పుడు నీళ్ళు ఆవిరిగానే బయటికి పోతాయి. మన కంటికి కనబడవు. కనబడనంత మాత్రాన లేవని కాదు.

హైడ్రోజన్ నీళ్ళను పుట్టిస్తుందన్న మాట మన తెలుగులో ఎప్పటినుంచో ఉంది. పాత తెలుగు సైన్సు పుస్తకాల్లో హైడ్రోజన్‌ని ఏమని రాసేవారో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఉదజని. ఉదకం అంటే నీళ్ళు. నీళ్ళను పుట్టించేది ఉదజని. ఇంగ్లండులో హెన్రీ కావెండిష్ 1766లో ఈ వాయువు లక్షణాలు రాసినప్పుడు దాన్ని మండే గాలి అన్నాడు. తరువాత ఫ్రాన్సులో లవోయిజర్, అది కాలితే నీళ్ళు వస్తాయని గట్టిపరిచి, గ్రీకు మాటలతో హైడ్రోజన్ అని పేరు పెట్టాడు. ఆ గ్రీకు పేరుకీ అర్థం ఇదే. నీళ్ళను పుట్టించేది. అంటే కొలిచే ఉపాయం ఆ పేరులోనే ఉంది. నీళ్ళు పట్టుకోండి, తూకం వేయండి, హైడ్రోజన్ ఎంతో తెలిసిపోతుంది.

ఎట్లా తెలుస్తుంది? ఒక్క లెక్క గుర్తుంచుకుంటే చాలు. ఒక పాలు హైడ్రోజన్, ఎనిమిది పాళ్ళు ఆక్సిజన్, కలిస్తే తొమ్మిది పాళ్ళ నీళ్ళు. మళ్ళీ చెబుతాను. ఒకటీ, ఎనిమిదీ, తొమ్మిది. ఇది బరువు లెక్క. కాబట్టి వచ్చిన నీళ్ళ బరువును తొమ్మిదితో భాగిస్తే హైడ్రోజన్ బరువు వస్తుంది. అంతే.

రాగి సంగటి కెలికేవాళ్ళకు ఇది వింతగా ఉండదు. డబ్బాలోంచి తీసిన పిండి కొంచెమే. తట్టలో పెట్టిన ముద్ద పెద్దది. మిగిలిన బరువు ఎక్కడిది? ఎసట్లోది. ఇక్కడ ఆ ఎసరు మన చుట్టూ ఉన్న గాలి. ఇంధనం ఇచ్చేది ఒక పాలు. గాలి ఇచ్చేది ఎనిమిది పాళ్ళు. అందుకే కాల్చిన నూనె కన్నా వచ్చిన నీళ్ళే ఎక్కువ బరువు తూగుతాయి.

ఒక లెక్క వేద్దాం. కిరసనాయిల్లో నూటికి సుమారు 14 పాళ్ళు హైడ్రోజన్. లీటరు కిరసనాయిలు సుమారు 800 గ్రాములు. అందులో 14 పాళ్ళంటే 112 గ్రాముల హైడ్రోజన్. దాన్ని తొమ్మిదితో హెచ్చిస్తే 1,008 గ్రాములు. అంటే లీటరు కిరసనాయిలు కాలిస్తే దగ్గర దగ్గర లీటరు నీళ్ళు. మన అవ్వలు వీధి అరుగు మీద బుడ్డి దీపం పెట్టుకున్న రోజుల్లో, సీసాడు కిరసనాయిలు అయిపోయేసరికి సీసాడు నీళ్ళు గాల్లో కలిసిపోయాయన్నమాట.

మీ ఇంట్లో గ్యాస్ సిలిండరు 14.2 కిలోలు. దాంట్లో హైడ్రోజన్ నూటికి 17, 18 పాళ్ళ మధ్య. ఆ సిలిండరు అయిపోయేసరికి సుమారు 22 లీటర్ల నీళ్ళు. రెండు బిందెలు అనుకోండి. వంటింటి కిటికీ తెరిచి పెట్టమనడానికి ఇదీ ఒక కారణం.

ఇక పెట్రోలు. లీటరు కాలితే సుమారు 900 మిల్లీలీటర్ల నీళ్ళు. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్ళగడ్డ, మైదుకూరు మీదుగా కడపకి సుమారు 200 కిలోమీటర్లు. లీటరుకి 50 కిలోమీటర్లు ఇచ్చే బండి మీద పోతే నాలుగు లీటర్లు కావాలి. అంటే మూడున్నర లీటర్ల నీళ్ళు. ఈ లెక్క చెప్పగానే మా పక్కింటి కుర్రాడు అన్నాడు, "అయితే నేను కడపకి పోయొస్తే దోవ పొడుగునా కళ్ళాపి చల్లుకుంటా పోయినట్టే కదా సార్!" అని. అట్లాగే అనుకోమన్నాను.

సరే. నీళ్ళు వస్తాయి. వస్తే ఏమి? హైడ్రోజన్ ఎంతుందో కొలిచి ఎవరికి ఏం లాభం? రెండు కారణాలు చెబుతాను.

మొదటిది మసి. గుడిలో హారతి గుర్తు తెచ్చుకోండి. కర్పూరం మంట కొసన నల్లటి పొగ లేస్తుంది. పళ్ళెం మీద మసి మిగులుతుంది. అదే కొవ్వొత్తి తీరుగా వెలిగితే మసి దాదాపు కనబడదు. కొవ్వొత్తి మైనంలో హైడ్రోజన్ నూటికి 15 పాళ్ళ దాకా ఉంటుంది. కర్పూరంలో 10, 11 మధ్య. బీరువాలో వేసే నాఫ్తలీన్ ఉండల్లో ఆరు పైచిలుకు. హైడ్రోజన్ తగ్గేకొద్దీ కార్బన్ పాలు పెరుగుతుంది. ఆ కార్బన్ పూర్తిగా కాలక నల్లటి పొడిగా మిగులుతుంది. అదే మసి. ఒత్తి, గాలి కూడా మసిని పెంచుతాయి, తగ్గిస్తాయి. కానీ మిగతావన్నీ సమానమైతే, హైడ్రోజన్ ఎక్కువున్న మంట శుభ్రమైన మంట.

మా కర్నూలు దగ్గర ఓర్వకల్లులో 2021 మార్చిలో విమానాశ్రయం మొదలైంది. అక్కడ దిగే విమానం ఇంజను లోపల మండేది ఒక రకం శుద్ధమైన కిరసనాయిలే. ఆ మంటలో మసి ఎక్కువైతే ఏమవుతుంది? మసి రేణువులు ఎర్రగా కాలి, నిప్పు కణికల్లాగా వేడిని చుట్టూ చిమ్ముతాయి. మంటను పట్టి ఉంచే లోహపు గోడ ఆ వేడికి త్వరగా చెడిపోతుంది. అందుకే విమాన ఇంధనానికి హైడ్రోజన్ పట్టింపు ఎక్కువ. అమెరికా సైన్యం వాడే జేపీ-8 అనే విమాన ఇంధనంలో హైడ్రోజన్ కనీసం 13.4 శాతం ఉండాలని షరతు. 13.4 అంటే 13.4. 13.2 వస్తే సరుకు వెనక్కే. చూశారా? పట్టింపంతా చుక్క తరువాతి అంకెలో ఉంది. అందుకే కొలిచే పద్ధతి గురించి ఇంత తర్జనభర్జన.

రెండో కారణం వేడి. మంటలో పుట్టిన నీళ్ళు ఆవిరిగా బయటికి పోతాయి కదా. ఉత్తచేతులతో పోవు. వేడిని మూట కట్టుకుని పోతాయి. పచ్చి కట్టె పొయ్యిలో పెడితే సగం మంట కట్టె ఆరడానికే సరిపోతుందని మనకు తెలుసు. ఇదీ ఆ బాపతే. కిరసనాయిల్లో ఉన్న మొత్తం వేడిలో నూటికి ఆరేడు పాళ్ళు ఈ ఆవిరితో పోతాయి. ఇంధనం మొత్తం వేడి ఒక అంకె. మన చేతికి దక్కే వేడి ఇంకో అంకె. ఒకదాన్నుంచి రెండోది లెక్కగట్టాలంటే హైడ్రోజన్ ఎంతో తెలియాలి.

ఇప్పుడు కొలిచే దారులు చూద్దాం. నాలుగు దారులు. ఒక్కొక్కటిగా, మెల్లగా.

మొదటిది దీపం పద్ధతి. అన్నిటికన్నా పాతది, అన్నిటికన్నా తేలిగ్గా అర్థమయ్యేది. ఒక చిన్న గాజు బుడ్డి. అందులో నూలు ఒత్తి. బుడ్డిలో నూనె పోసి తూకం వేస్తారు. వెలిగిస్తారు. మంట మీదుగా వచ్చే గాలిని ఒక గొట్టంలోకి లాగి చల్లబరుస్తారు. నీళ్ళు దిగుతాయి. మిగిలిపోయిన కాస్త ఆవిరిని తేమ పీల్చే మందుతో పట్టుకుంటారు. చివరికి దీపం ఆర్పి బుడ్డిని మళ్ళీ తూకం వేస్తారు. ఎంత నూనె కాలిందో తెలుస్తుంది. దిగిన నీళ్ళనూ తూకం వేస్తారు. 10 గ్రాముల నూనె కాలి, 12.6 గ్రాముల నీళ్ళు వచ్చాయనుకోండి. తొమ్మిదితో భాగిస్తే 1.4 గ్రాములు. పదింటికి 1.4 అంటే నూటికి 14. అయిపోయింది.

వినడానికి ఇంత సులువు. చేయబోతే ఇరకాటాలు. ఏమిటవి? గాలిలో అప్పటికే ఉన్న తేమ. మే నెలలో కర్నూలు గాలి ఎంత పొడిగా ఉంటుందో మీకు తెలుసు. ఉతికిన బట్ట తీగ మీద వేసి వెనక్కి తిరిగేలోపు ఆరిపోతుంది. అదే వాన పడి వెలిసిన సాయంత్రం అయితే? ఆ తేమ కూడా నీళ్ళ లెక్కలో కలుస్తుంది. హైడ్రోజన్ లేనిది ఉన్నట్టు కనబడుతుంది. అందుకే దీపానికి అందించే గాలిలోంచి తేమను ముందే తీసేయాలి. ఇంకోటి, దీపం మసి కక్కకూడదు. నూనె పూర్తిగా కాలాలి. మూడోది, నూనె ఒత్తి పట్టుకుని పైకి ఎక్కాలి. కిరసనాయిలు ఎక్కుతుంది. ఫ్యాక్టరీల బాయిలర్లలో వాడే చిక్కటి నల్ల నూనె ఎక్కదు. అది ఒత్తికి లొంగదు. దీపం పద్ధతి అక్కడ పనికిరాదు.

దీపం పద్ధతి నీళ్ళను తూకం వేస్తుంది. ఇది గుర్తుంచుకోండి.

రెండోది కొలిమి పద్ధతి అనుకుందాం. ఇక్కడ నూనె గ్రాములు కాదు, కొన్ని మిల్లీగ్రాములు చాలు. అంటే చీమ తలకాయంత. ఆ చుక్కను పల్చటి తగరపు రేకులో తమలపాకు చిలకలాగా మడుస్తారు. తొమ్మిది వందల డిగ్రీలు దాటిన కొలిమి గొట్టంలోకి జారవిడుస్తారు. లోపల స్వచ్ఛమైన ఆక్సిజన్. రెప్పపాటులో అంతా కాలిపోతుంది. వచ్చిన నీటి ఆవిరి ఎంత, బొగ్గుపులుసు గాలి ఎంత, నత్రజని ఎంత, యంత్రమే విడదీసి కొలుస్తుంది. హైడ్రోజన్, కార్బన్, నైట్రోజన్ మూడూ ఒక్క దెబ్బకు తెలిసిపోతాయి. చిక్కటి నూనెకీ పనికొస్తుంది.

మరి ఇబ్బంది? అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం. అన్నానికి అది నిజం. పులుసుకి? పైన తేటను గరిటెతో తీసి రుచి చూస్తే అడుగున ఉన్న ఉప్పు సంగతి తెలుస్తుందా? చిక్కటి నూనె కూడా పులుసు లాంటిదే. బాగా కలిపి తీయకపోతే ఆ చుక్క మొత్తం సరుకు తరఫున సాక్ష్యం చెప్పలేదు. ఇక పెట్రోలు అయితే ఇంకో చిక్కు. అది నిలవదు. రేకు మడిచేలోపే తేలికపాటి భాగం ఆవిరైపోతుంది. కొలిచేది మిగిలిన దాన్నే. అందుకని పెట్రోలుకి ఈ పద్ధతి వాడవద్దంటారు. పైగా అంత చిన్న చుక్క తూకంలో కాస్త తేడా వచ్చినా అంకె ఊగుతుంది.

కొలిమి పద్ధతి ఆవిరిని లెక్కపెడుతుంది. కానీ ఒక చుక్కలో మాత్రమే. ఇది గుర్తుంచుకోండి.

మూడోది నాకు చాలా ఇష్టమైన పద్ధతి. ఇందులో అసలు మంటే లేదు. పేరు ఎన్ఎంఆర్. అయస్కాంతంతో చేసే పరీక్ష. మీరిప్పుడు రేడియో వింటున్నారు కాబట్టి, రేడియోతోనే చెబుతాను.

గాలిలో ఎన్నో స్టేషన్ల తరంగాలు ఉంటాయి. మీరు ముల్లు తిప్పి మా స్టేషన్ దగ్గర ఆపారు. మిగతావన్నీ మౌనం. మా గొంతు ఒక్కటే వినబడుతోంది. హైడ్రోజన్ పరమాణువు నడిబొడ్డున ఉండే ప్రోటాన్ కూడా ఒక చిన్న రేడియో లాంటిదే. దాన్ని గట్టి అయస్కాంతం మధ్య పెడితే, ఫలానా తరంగానికే పలుకుతుంది. వేరే తరంగానికి పలకదు. పక్కనున్న మామూలు కార్బన్ అసలే పలకదు. కాబట్టి నూనెను గాజు గొట్టంలో పోసి అయస్కాంతం మధ్య పెడతారు. హైడ్రోజన్ స్టేషన్ పెడతారు. వచ్చే పలుకు ఎంత గట్టిగా ఉంటే హైడ్రోజన్ అంత ఎక్కువ. కర్నూల్లోనో కడపలోనో ఎమ్మారై స్కానింగ్‌కి వెళ్ళి, ఆ గుహలాంటి యంత్రంలో పడుకున్నవాళ్ళు ఉన్నారా? మీ ఒంట్లోని నీళ్ళు, కొవ్వుల్లోని హైడ్రోజన్ పలికిన పలుకుతోనే ఆ బొమ్మ తీశారు. మూలం ఒకటే. 1946లో అమెరికాలో ఫీలిక్స్ బ్లాక్, ఎడ్వర్డ్ పర్సెల్ వేరువేరుగా ఈ సంగతి చూపించారు. 1952లో ఇద్దరికీ కలిపి నోబెల్ బహుమతి వచ్చింది.

పలుకు గట్టిగా ఉందా లేదా అన్నది దేనితో పోల్చి చెబుతారు? తక్కెడలో తూకంరాయి ఉంటుంది కదా, అట్లా ఇక్కడా ఒకటి ఉంది. డోడెకేన్ అనే స్వచ్ఛమైన ద్రవం. అందులో హైడ్రోజన్ 15.39 శాతం అని దాని నిర్మాణాన్ని బట్టే కచ్చితంగా తెలుసు. ముందు దాన్ని పెట్టి వింటారు. తరువాత మన నూనె పెట్టి వింటారు. రెండింటి తూకం తెలుసు కాబట్టి నిష్పత్తి చూసి చెప్పేస్తారు. నిమిషాల్లో పని. నూనె ఒక్క చుక్క కూడా ఖర్చు కాదు. విమాన ఇంధనానికి ఇది బాగా నప్పుతుంది.

దీనికీ లోపం ఉంది. నూనెలో ఇనుప రజను ఉంటే అయస్కాంతాన్ని తికమక పెడుతుంది. నూనెలో నీళ్ళు కలిసి ఉంటే ఆ నీళ్ళలోని హైడ్రోజన్ కూడా పలుకుతుంది. ఈ యంత్రానికి ఎవరి గొంతు ఏదో తెలియదు. చెయ్యెత్తిన ప్రతివాణ్ణీ లెక్కపెడుతుంది.

ఎన్ఎంఆర్ పద్ధతి హైడ్రోజన్ పలుకును వింటుంది. ఇది గుర్తుంచుకోండి.

ఇక నాలుగోది. కాల్చడమూ లేదు, అయస్కాంతమూ లేదు. ఉత్త లెక్క. ఆదోని మార్కెట్ యార్డులో ఆరితేరిన వ్యాపారిని చూడండి. వేరుశనగ కుప్పలోంచి గుప్పెడు కాయలు తీస్తాడు. అరచేతిలో ఆడిస్తాడు. బరువు చూస్తాడు. చెవి దగ్గర గలగలలాడిస్తాడు. రెండు కాయలు చిట్లగొట్టి గింజ చూస్తాడు. ఇంత గింజ దిగుతుందని చెప్పేస్తాడు. చాలాసార్లు ఆ మాట తూకానికి దగ్గరగానే ఉంటుంది. ఎందుకని? వేల కుప్పలు చూసిన అనుభవం.

నూనెకీ అట్లాంటి లెక్క ఉంది. దాని సాంద్రత ఎంత, ఏ డిగ్రీల దగ్గర మరుగుతుంది, అందులో నాఫ్తలీన్ బాపతు అరోమాటిక్ పదార్థాలు ఎన్ని పాళ్ళు? ఈ మూడూ ఎట్లాగూ కొలుస్తారు. వాటినుంచి సూత్రంతో హైడ్రోజన్ ఎంతో అంచనా కడతారు. విమాన ఇంధనాలకు ఈ సూత్రం వాడుకలో ఉంది. చవక, త్వరగా అవుతుంది. కానీ ఆదోని వ్యాపారికి వేరుశనగ బదులు ఎప్పుడూ చూడని కాయ చేతిలో పెట్టండి. తడబడతాడు. ఈ సూత్రమూ అంతే. ఏ రకం ఇంధనాలను చూసి దాన్ని కట్టారో, ఆ రకానికే నప్పుతుంది.

లెక్క పద్ధతి హైడ్రోజన్‌ని చూడదు. దాని చుట్టాలను చూసి ఊహిస్తుంది.

నాలుగూ విన్నారు. దీపం నీళ్ళను తూకం వేస్తుంది. కొలిమి ఒక చుక్క ఆవిరిని లెక్కపెడుతుంది. ఎన్ఎంఆర్ పలుకును వింటుంది. సూత్రం ఊహిస్తుంది. ఒకే సీసాలోని కిరసనాయిలు నాలుగు చోట్లకూ పంపితే నాలుగు అంకెలు రావచ్చు. 13.9 అని ఒకరు, 14 అని ఒకరు, 13.7 అని ఇంకొకరు. ఎవరో మోసం చేశారని కాదు. నలుగురూ నాలుగు ప్రశ్నలు అడిగారు.

ఇది మన కర్నూలు, కడప జిల్లాల రైతులకు కొత్త సంగతి కాదు. కేసీ కాలవ సంగతి చూడండి. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్ళు కాలవలోకి పడతాయి. అక్కణ్ణుంచి 300 కిలోమీటర్లకు పైగా నడిచి కడప చేరాలి. పైన వదిలిన నీళ్ళు ఒక లెక్క. చివరి ఆయకట్టుకు చేరినవి ఒక లెక్క. మధ్యలో ఇంకినవి, ఆవిరైనవి, దారిలో మళ్ళినవి. తల దగ్గర గేటు ఎత్తు చూసి కట్టిన లెక్క, తోక దగ్గర మడిలో పారిన తడి చూసి కట్టిన లెక్క ఒకటి కావు. కాకపోయినా రెండూ అబద్ధం కాదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూస్తేనే నీళ్ళు ఎక్కడ పోతున్నాయో తెలుస్తుంది.

రిఫైనరీలో అచ్చం ఇదే పని. విశాఖపట్నంలో 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలైన రిఫైనరీ ఉంది. ఇప్పుడు దాన్ని హిందుస్థాన్ పెట్రోలియం నడుపుతోంది. అట్లాంటి చోట ముడి చమురులోని గంధకాన్ని తీయడానికి హైడ్రోజన్‌ని బయటినుంచి పోస్తారు. మన బళ్ళకు 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 నిబంధన ప్రకారం పెట్రోలు, డీజిళ్ళలో గంధకం పది లక్షల పాళ్ళకు 10 పాళ్ళు మించకూడదు. దానికి హైడ్రోజన్ చాలా కావాలి. హైడ్రోజన్ ఊరికే రాదు. తయారీకి ఖర్చు. అందుకే లోపలికి పోయిన నూనెలో ఎంత, పోసింది ఎంత, బయటికి వచ్చిన సరుకులో ఎంత అని తల నుంచి తోక దాకా లెక్క రాస్తారు. ఆ లెక్కలో ఒకచోట దీపం అంకె, ఇంకోచోట కొలిమి అంకె వేస్తే లెక్క కుదరదు. లేని కారుడు ఉన్నట్టు కనబడుతుంది. కాబట్టి అక్కడ మొదటి నియమం ఇదే. తల దగ్గర వాడిన కొలబద్దే తోక దగ్గరా వాడు.

ఇప్పుడు మళ్ళీ మన బండి దగ్గరికి వద్దాం. పెట్రోల్లో నిజంగా నీళ్ళు కలిస్తే ఎట్లా తెలుస్తుంది? ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ కలుస్తోంది. దాంట్లో నీళ్ళు చేరితే, ఇథనాల్ ఆ నీళ్ళతో కలిసి ట్యాంకు అడుగుకి దిగిపోతుంది. ఇంజను దగ్గుతుంది, ఆగిపోతుంది. సైలెన్సర్ చుక్కలు దానికి గుర్తు కావు. బండి బాగా నడుస్తూ, పొద్దున్నే నాలుగు చుక్కలు కారితే అది ఆరోగ్యం.

అనుమానం ఉంటే బంకులో అడిగే హక్కు మీకుంది. సాంద్రత చూపించమనండి. 500 మిల్లీలీటర్ల గాజు జాడీలో పెట్రోలు పోస్తారు. హైడ్రోమీటరు, థర్మామీటరు వేస్తారు. వచ్చిన అంకెను 15 డిగ్రీల లెక్కకు మార్చి, ట్యాంకరు వచ్చినప్పుడు రాసిన అంకెతో పోలుస్తారు. ఘనపు మీటరుకి 3 కిలోలకు మించి తేడా ఉండకూడదు. ఇది హైడ్రోజన్ పరీక్ష కాదు. కానీ కల్తీని పట్టడానికి బంకులో ఉన్న మొదటి కొలబద్ద. ఇక్కడా అదే మాట. ఏ పద్ధతి ఏ ప్రశ్నకు జవాబు చెబుతుందో తెలిసి అడగాలి.

ఇంట్లో పిల్లలుంటే ఒకటి చేసి చూపించండి. దేవుడి గూట్లో వేరుశనగ నూనె దీపం వెలిగించండి. చల్లటి నీళ్ళు పోసిన స్టీలు చెంబును మంటకు జానెడు పైన కాసేపు పట్టుకోండి. పెద్దవాళ్ళే పట్టుకోవాలి. మసక కమ్ముతుంది. వేలితో గీత గీస్తే తడి అంటుతుంది. వేరుశనగ నూనెలో హైడ్రోజన్ నూటికి 12 పాళ్ళకు కాస్త తక్కువ. తొమ్మిదితో హెచ్చించి చూడమనండి. నూనె కన్నా నీళ్ళే ఎక్కువ అని పిల్లలే చెబుతారు.

ముగించే ముందు మా కుర్రాడి సంగతి. ఆ తరువాత కొన్ని వారాలకు వాళ్ళ నాయన చక్కెర పరీక్ష చేయించుకున్నాడు. పొద్దున ఇంట్లో వేలికి సూది గుచ్చి చూస్తే 162. అదే రోజు ల్యాబులో ఇస్తే 148. ఆయన కోపంగా, "ఒకటే నెత్తురు, రెండు అంకెలేందిరా? ఆ ల్యాబోళ్ళకు చేతగాదు" అన్నాడు. మామూలుగా అయితే మావాడు బండెక్కి ల్యాబు మీదికి పోయేవాడే. ఈసారి పోలేదు. గోడ పక్కన నిలబడి వింటున్నాను.

"నాయనా, వేలిదా, నరం లోదా? తినకముందా, తిన్నాకా? ముందు అది చెప్పు. తరువాత కొట్లాడుదాం" అన్నాడు.